మాగాయ ముక్కల పక్కన ఎండిన వేణువు

మా ఇంట్లో తేమ వాసన వేసిన ప్రతిదీ మేడ మీదికి ఎక్కుతుంది. పరుపులు, పప్పులు, పట్టుచీరలు, ఏదైనా సరే. చుట్టూ రొయ్యల చెరువులే కాబట్టి గోడల చెమ్మ ఆరదు, ఎండ కనిపిస్తే మా అత్తగారు ఊరుకోరు. ఆ వరసలోనే నా వేణువు కూడా ఒక మే నెల పొద్దున్న, పాత పంచె మీద, మాగాయ ముక్కల పక్కన ఎండకు పడింది.

ముందురోజు సాయంత్రం నేనే దానికి నువ్వుల నూనె పట్టించాను, వెదురు ఎండిపోకూడదని. ఆవిడ చేతికి జిడ్డు తగిలింది, బూజు పడుతుందని భయపడ్డారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ సంగతి. నేను మేడెక్కేసరికి ఊదే రంధ్రం నుంచి వేళ్ళ రంధ్రాల దాకా నిలువునా పగిలి ఉంది. ఆ మధ్యాహ్నమే రాజమండ్రిలో ఒక సంగీత పాఠశాలలో వేణువు టీచరు ఉద్యోగానికి వాయించి చూపించాలి. పెళ్ళయ్యాక నాకోసం నేను కోరుకున్నది ఆ ఒక్కటే.

"అయ్యో, నీ మంచికే పెట్టానే అమ్మాయ్," అన్నారు అత్తగారు.

మా ఆయన వేణువును అటూ ఇటూ తిప్పి చూసి, "వెదురుబొంగే కదా, ఏదో ఒకటి పెట్టి అంటించెయ్," అన్నారు.

మంచికే చేశామనే వాళ్ళ మీద కోప్పడే వీలు కూడా ఉండదు. అదే నా ఏడుపు. ఇంట్లో ఇంకో వేణువు ఉంది గానీ అది పిల్లలు నేర్చుకునేది, శ్రుతి నిలవదు.

తడిగుడ్డ చుట్టి కాసేపు నీడలో ఉంచితే వెదురు కొంచెం ఉబ్బి పగులు దగ్గరపడుతుంది. అలా దగ్గరపడ్డాక, చెరువు వలలు కుట్టే నైలాన్ దారం కొసను కాలి బొటనవేలికి కట్టి, వేణువును తిప్పుకుంటూ వరసగా బిగించి చుట్టాను. మిగిలిన సందులో కొవ్వొత్తి మైనం మెదిపి, దారం చివర జిగురు చుక్క వేశాను. ఊదితే పలికింది. ఎండలో మైనం ఏమవుతుందో నాకు తెలుసు, అయినా బస్సెక్కాను. రాజమండ్రి చేరేదాకా ఎండ తగలకుండా దాన్ని పమిట చెంగు కింద దాచుకునే కూర్చున్నాను.

పల్లవి బాగానే వచ్చింది. అనుపల్లవిలో పై షడ్జం దగ్గర గాలి తప్ప స్వరం రాలేదు. మళ్ళీ ఊదాను, మళ్ళీ గాలే. ఎదురుగా కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు తీసి, "వాయిద్యాన్ని చూసుకోవడం కూడా విద్యలో భాగమేనమ్మా," అన్నారు. మాగాయ ముక్కల సంగతి ఆయనకు ఏమని చెప్పను? నమస్కారం పెట్టి వచ్చేశాను. ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చారు.

మాగాయ మాత్రం ఆ ఏడు బ్రహ్మాండంగా కుదిరింది. అత్తగారు చుట్టాలందరికీ సీసాలు పంపారు.

నాకు దారం చుట్టడం మిగిలింది. ఒకరికి బాగుచేస్తే ఇంకొకరికి తెలిసి, భీమవరం నుంచీ తణుకు నుంచీ పగిలిన వేణువులు మా గుమ్మంలోకి వస్తున్నాయి. "వేణువులు బాగుచేసే ఆవిడ ఇల్లెక్కడండీ?" అని అడుగుతూ వస్తారు. ఒక పాట వాయించండి అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

మొన్న ఆ పెద్దాయనే వచ్చారు. ఏదో ఫంక్షన్ హాల్లో ఏసీ గాలికి ఆయన వేణువు పగిలిందట. నన్ను గుర్తుపట్టలేదు. నాకు ఒళ్ళు మండింది. అయినా కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని శ్రద్ధగా దారం చుట్టాను. గాలి పోతోందేమో చూడాలిగా, అందుకని ఒక రాగం ఎత్తుకుని పై షడ్జం మీద నిలబడి, నాకు తృప్తి కలిగేదాకా వాయించాను. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపుతూ విన్నారు.

"చాలా బాగా పలుకుతోందండీ," అన్నారు చేతులు జోడించి, "నా వేణువు."

సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.