పైడమ్మ పేరు పక్కన రాసిన మాట

నేను మూడో తరగతి వరకే చదివాను. కలం కంటే రబ్బరు గీసే కత్తే నాకు ఎక్కువ అలవాటు. గుణింతాలు తప్పితే, వాక్యం వంకరపోతే ఏమీ అనుకోవద్దని ముందే చెబుతున్నాను.

1928లో మలయా దేశంలో హుటాన్ మెలింటాంగ్ అనే ఊరి దగ్గరి ఒక రబ్బరు తోటలో నన్ను మండోరుగా వేశారు. మండోరంటే కూలీల మీద మేస్త్రి. తెల్లవారకముందే పేర్లు పిలిచి, హాజరు పుస్తకంలో గీత పెట్టి, ఎవరి చెట్లకు వాళ్ళని పంపాలి. నా పైన చిన్నదొర, ఆయన పైన పెద్దదొర. చిన్నదొర ఐర్లాండు మనిషి. అరవం, మలాయి కలిపి మాట్లాడేవాడు, మా తెలుగు వింటే అర్థం చేసుకునేవాడు.

ఒకసారి నా కింద చెట్లు గీసే పైడమ్మకి జ్వరం వచ్చింది. ఒంటరి మనిషి. డ్రస్సరు చీటీ లేకుండా మూడు రోజులు పనికి రాకపోతే పేరు కొట్టేస్తారు, కూలీలుండే లైనులో గది పోతుంది. మందులిచ్చే ఆ డ్రస్సరేమో సెలవులో ఉన్నాడు. మూడోనాడు ఆమె చెట్లు తాము గీస్తామని సింహాచలమ్మ, మిగతా ఆడవాళ్ళు నాతో చెప్పారు. నేను ఆమె పేరు పక్కన గీత పెట్టేశాను. ఎండెక్కితే పాలు సరిగా కారవు. అయినా వాళ్ళు ముందు పైడమ్మ చెట్లే గీసి, తర్వాత తమవి గీసుకున్నారు.

పాలు తూచే చోట చిన్నదొర పైడమ్మ ఏదని అడిగాడు.  సింహాచలమ్మ ముందుకొచ్చి, మలాయివాళ్ళ మాదిరి మాట చివర 'లా' తగిలించి అంది.

"మాం అందరం గీసినాం లా దొరా. ఒకలి పేరేటి సెప్పమంతారు?"

ఆయన బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత, తన భాషలో దీనికి 'మెహల్' అని ఒక మాట ఉందన్నాడు. మొదట్లో పంట కోసే గుంపుకి ఆ పేరట. తర్వాత, ఒకరి పనికి ఇరుగుపొరుగంతా కలిసి వెళితే అదే పేరయిందట. మనుషులు ఎంతమంది ఉన్నా మాట ఏకవచనమే. పైగా స్త్రీలింగం, అందుకే ముందు 'ఆ' అనే అర్థంలో 'అన్' చేరిస్తే 'వెహల్' అయిపోతుందట.

"ఆడమాటే అవుతాది. మగోలు ఒకలి సెట్టు ఒకలు గీత్తారేటి?" అంది సింహాచలమ్మ. ఆడవాళ్ళంతా నవ్వారు, చిన్నదొర కూడా నవ్వాడు.

నవ్వుతూనే పుస్తకం తీసుకుని నా గీత కొట్టేశాడు. నా పనీ, పైడమ్మ గదీ రెండూ పోయాయనుకున్నాను. ఆ గడిలో ఆయన తన అక్షరాలతో ఆ మాట రాశాడు. నెలాఖరున పెద్దదొర అదేమిటని అడిగితే, అది తన దేశంలో ఒక రకం పని పేరనీ, ఆరోజు ఆ చెట్లు ఖాళీగా లేవనీ చెప్పాడు. పెద్దదొర పేజీ తిప్పేశాడు. పైడమ్మ గది నిలిచింది.

రాని మనిషికి హాజరు గీత పెట్టడం నా తప్పు. పుస్తకంలో గడి లేని పని జరిగినప్పుడు, జరిగిందేదో అదే రాసి పైవాళ్ళకి చెప్పాలని ఆరోజు నేర్చుకున్నాను. పని మానేదాకా అలాగే చేశాను.

ఆ ఆడవాళ్ళు ఇప్పుడు లేరు. ఆ మాట పలకడం వచ్చుగాని, దొర రాసినట్టు రాయడం నాకు ఈనాటికీ రాదు. ఆ తప్పుతో పాటు ఇందులోని మిగతా తప్పులూ క్షమించండి.