ఇంటి అల్లుడి తప్పు

అప్పట్లో నేను కోరుట్ల నుంచి రోజూ బస్సులో జగిత్యాలకు పోయి వచ్చేదాన్ని. మొబైల్ షాపు పైన రెండు గదుల్లో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు. వేములవాడ లాడ్జీలకు గదులు బుక్ చేసే ప్రోగ్రాం మాది. ఒకరు రాసింది ఇంకొకరు చూసి, తప్పులు దిద్దాకే లాడ్జీలకు పంపాలని నేనే పద్ధతి పెట్టాను. దుబాయి నుంచి వచ్చి ఆఫీసు తెరిచిన మా ఓనరు "మంచిగుంది మేడం, షురూ చెయ్యిండ్రి" అన్నాడు.

షురూ అయితే అయింది గానీ, అందరికంటే ఎక్కువ రాసేది ఓనరు బావ, అక్క మొగుడు. ఇంటి అల్లుడాయె! ఆయన తప్పు ఆయన మొహం మీద ఎవరు చెప్తారు? మావాళ్లు ఫైలు తెరవకుండానే తలూపేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

అప్పుడే సిరిసిల్ల నుంచి కొత్తగా ఒక అమ్మాయి చేరింది. తండ్రిది మరమగ్గాల మీద పని. వాళ్లింట్లో ఉద్యోగం చేసే ఆడపిల్ల ఈమే మొదలు. పాపం, ఈ మర్యాదలేవీ తెలియవు.

"అన్నా, గిది గిట్లనే పోతే ఒక్క రూమ్ ఇద్దరికి పోతది" అంది, బావగారు రాసింది చూసి, అందరి ముందే.

బావగారు తింటున్న టిఫిన్‌కి మూత పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు. ఇక ఓనరు అక్క నుంచి ఫోను మీద ఫోను. ఓనరు మధ్యలో నలిగిపోయాడు.

"మేడం, గా పిల్లను రేపటి సంది రావద్దని చెప్పుండ్రి. ఇంట్ల లొల్లి నాతోని కాదు."

"నేను చెప్ప. మీరే చెప్పుకోండ్రి" అని బ్యాగు తీసుకుని బస్సెక్కాను. ఆయనే చెప్పాడు. ప్రోగ్రాం దిద్దకుండానే లాడ్జీలకు వెళ్లింది.

సోమవారం, వేములవాడ గుడి కిక్కిరిసిన వేళ, ఒకే గది రెండు కుటుంబాలకు పోయింది. లాడ్జి మేనేజరు తిట్లు భరించలేక బావగారే బండేసుకుని వెళ్లాడు. గుండు చేయించిన పసివాణ్ని ఒళ్లో పెట్టుకుని ఒక తల్లి మెట్ల మీద కూర్చుందట. తిరిగొచ్చి, "తప్పు నాదే. గా పిల్లను పిలువుండ్రి" అన్నాడు. ఆయన మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

అమ్మాయి వచ్చింది. బావగారు తన కొత్త ప్రోగ్రాం ఆమె ముందు పెట్టి, పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

"చూడు బిడ్డా. తప్పుంటే చెప్పు, నేనేమనుకోను."

ఆమె చదువుతూ పోయి ఒకచోట ఆగింది. వెనక నిలబడి నేనూ చూశాను. అక్కడ తప్పుంది. ఆమె చూపు దాని మీదే నిలిచింది, పెదవులు కదిలాయి. చెప్పు తల్లీ, చెప్పు, అని నా ప్రాణం కొట్టుకుంది.

"ఏమన్న ఉందా?" అన్నాడాయన.

ఆమె లేచి నిలబడింది.

"ఏం లేదు సార్."