పెళ్లికొడుకు చేతి ఇనుము

నా కాళ్లకు ఇన్నేళ్లు డ్యూటీని, ఈ వయసులో నోటికి నవ్వును ఇచ్చిన దేవునికి స్తోత్రం. ప్రవక్త దినాల్లో నీట మునిగిన గొడ్డలిని తేలించిన ఆయన, ఒక రోజు అదే ఇనుముతో నాతో ఎంత ఆట ఆడించాడో చెప్పకుండా పోతే కృతఘ్నుణ్ణవుతాను.

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వేసవి పెళ్లిళ్ల కాలంలో, సబ్ ఇన్‌స్పెక్టర్‌ హోదాలో నన్ను కడప విమానాశ్రయ భద్రతకు వేశారు. అప్పుడు అక్కడ ప్రయాణికుల తనిఖీ మా పోలీసులదే. అందుకు వేరే శిక్షణ, పరీక్ష ఉంటాయి. నేను షిఫ్ట్ ఇన్‌చార్జిని. సామాను చూడడానికి ఎక్స్‌రే యంత్రం, మనుషులను చూడడానికి డోర్‌ఫ్రేమ్. అది తలుపుల్లేని ద్వారబంధం లాంటిది, లోహం తగిలితే కూస్తుంది. దాని అవతల తనిఖీ కాని వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదు. మా ఉద్యోగమంతా ఆ గడప కాపలాయే.

ఆ రోజు విజయవాడ విమానం ఆలస్యం. వరుసలో పిల్లల ఏడుపులు, పెద్దల విసనకర్రలు. మధ్యలో వేంపల్లె నుంచి వచ్చిన పెళ్లివారు. మిగతా బంధువులంతా ముందు రోజే బస్సెక్కారు. పెళ్లికొడుకు కుటుంబానికి మాత్రం ఆడపెళ్లివారు ముచ్చటపడి విమానం టికెట్లు కొన్నారు. ముహూర్తం ఆ సాయంత్రమే, విజయవాడలో. ఈ విమానం తప్పితే ఆ రోజుకు ఇంకోటి లేదు. బద్వేలు మీదుగా కారులో పోతే చేరేసరికి పందిట్లో అరటిచెట్లు విప్పేస్తుంటారు.

ఎక్స్‌రే దగ్గర మా కానిస్టేబుల్‌ సుగుణమ్మ బెల్టు ఆపేసి నన్ను పిలిచింది.

"సార్, ట్రేలో నిమ్మకాయ ఉండాది. దానికి కత్తి గుచ్చుకోనుండాది."

తెరలో చూశాను. జానెడు బాకు, కొనకు నిమ్మకాయ, పసుపు గుడ్డలో చుట్టి ఉంది. మా సీమలో పెళ్లికొడుకును చేసిన గడియ నుంచి తాళి కట్టే దాకా ఆ ఇనుము అతని చెయ్యి విడవకూడదు. కౌంటరులో పదునైన వస్తువులున్నాయా అని అడిగితే ఇంటిల్లిపాదీ లేవన్నారట. అబద్ధమాడే మనుషులు కారు. వాళ్ల లెక్కలో అది వస్తువు కాదు, పెళ్లికొడుకు చెయ్యి.

నిబంధన స్పష్టం. కత్తి ప్రయాణికుడి వెంట పోదు. కింది అరలో పోయే సామానులో పోవచ్చు. విమానం ఆలస్యం కావడం వల్ల వాళ్ల పెట్టెలు ఇంకా బయట బండి మీదే ఉన్నాయి. కత్తిని పెట్టెలో వేయిస్తానని ఎయిర్‌లైన్‌ మనిషి ఒప్పుకున్నాడు. ఆ ఆలస్యానికి లోలోపల దేవుణ్ణి స్తుతించాను. కానీ పెళ్లికొడుకు నాయనమ్మ, తను చూడకుండా మనవడు ట్రేలో వదిలిన బాకును తీసి మళ్లీ అతని చేతిలో పెట్టి, డోర్‌ఫ్రేమ్‌ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇనుము ఇడిస్తే బిడ్డకు గాలి సోకుతాది. మీ ఇమానం పోతే పోనీ సారూ, నేను లెయ్యను."

"అవ్వా, పెండ్లి పోతాది!" అన్నాడు పెళ్లికొడుకు. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం అతనిది. చెవుల దాకా ఎర్రబడ్డాడు, బాకు మాత్రం గట్టిగానే పట్టుకున్నాడు.

నేను రాజంపేట సంఘంలో వాక్యం వింటూ పెరిగినవాణ్ణి. గాలి సోకుతుందన్న మాట నమ్మను. అయినా ఆమె భయం మాత్రం నిజమని కనిపించింది. కత్తే కావాలా, ఇనుమైతే చాలా అని అడిగాను.

అవ్వ బాకును ఓసారి తడిమి, "ఇనుమైతే సాలు. స్టీలు పనికిరాదు" అంది.

ఇక వరుసంతా కదిలింది. ఒకాయన బెల్టు బకిల్‌ విప్పాడు. అవ్వ గోటితో గీకి, "ఇది రేకప్పా" అని పారేసింది. ఒకామె గాజు ఇస్తే ఇత్తడని తేల్చింది. ఇనుమో కాదో మా యంత్రం చెప్పదు, బంగారానికీ కూస్తుంది. అంత పెద్ద విమానాశ్రయంలో అవ్వకు నచ్చిన ఇనుము చేతి వెడల్పంత దొరకలేదు. అప్పుడే పెళ్లికొడుకు మేనమామ ఫోను మోగింది. పొద్దుటి నుంచి అది మోగుతూనే ఉందట. అవతల ఆయన చీనీ తోట, అంటే బత్తాయి తోట, కాపలాదారు గొంతు మాకందరికీ వినబడింది.

"మోటారు షెడ్డు బీగంచెవి యాడప్పా? కరెంటొచ్చి పోతాండాది!"

"నా తాన యాడుందిరా? ఈడ ల్యాదు" అంటూనే ఆయన డోర్‌ఫ్రేమ్‌లో అడుగు పెట్టాడు. అది గావుకేక పెట్టింది. సిగ్గుపడుతూ పంచె మడతలోంచి నల్లటి ఇనుప తాళంచెవి తీశాడు.

అవ్వ కళ్లు వెలిగాయి. "ఓరి బుద్ధిల్యానోడా, తోట ఎండబెట్టి పెండ్లికొస్తివా! తే ఈడికి." నాలుకకు ఆనించి చూసింది. "ఇది ఇనుము!"

పరిశీలించాను. మొన లేదు, పదును లేదు. తాళంచెవి నిషేధిత వస్తువు కాదు. ఎక్స్‌రేలో పంపించి అవతల సుగుణమ్మ చేతికి ఇచ్చాను. ఇంతలో అవ్వ ఇంకో చిక్కు పెట్టింది. కత్తి ఇక్కడ ఇచ్చి, తాళంచెవి అక్కడ తీసుకునే లోపల గడపలో బిడ్డ చెయ్యి ఖాళీ అవుతుంది కదా!

విమానం దిగిన చప్పుడయింది. పెళ్లికొడుకును డోర్‌ఫ్రేమ్‌ మధ్యలో నిలబెట్టాను. ఎడమచెయ్యి వెనక్కి చాపి కత్తి ఇవతలే ఉంచాడు. దాని పిడి మీద నా చెయ్యి ఉంది. కుడిచెయ్యి ముందుకు చాపాడు. అవతలి నుంచి సుగుణమ్మ తాళంచెవి అందించింది. అది చేతిలో పడ్డాకే కత్తి వదిలాడు. యంత్రం పిచ్చి పట్టినట్టు కూసింది. వరుసంతా చప్పట్లు. నేను "స్తోత్రం!" అన్నాను, అవ్వ "గోవిందా!" అంది. ఎవరిది ముందో అని, ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఇప్పటికీ మా ఇంట్లో తగవే. తర్వాత అతణ్ణి నిబంధన ప్రకారం ఒళ్లంతా తనిఖీ చేసే పంపాను. కత్తి గడప దాటలేదు, చేతి ఇనుము తప్పలేదు.

కత్తి ఎయిర్‌లైన్‌ మనిషి చేత పెట్టెలోకి పోయింది. దాని కొన నుంచి తీసి ఎక్స్‌రేలో పంపిన నిమ్మకాయను అవ్వ ఆ తాళంచెవికే గుచ్చింది. మేనమామ ఫోనులో అరుస్తూ విమానం వైపు నడిచాడు: "బీగం పగలగొట్టప్పా! పెండ్లి అయితాండాది!"

మూడు ముళ్లూ సకాలంలో పడ్డాయి. తిరుగు ప్రయాణంలో మేనమామ నా బల్ల దగ్గరికి వచ్చి, పసుపు అంటిన తాళంచెవి నా ముందు పెట్టాడు. బీగం పగిలినాక చెవితో తనకేం పని, ఇక్కడైతే ఇంకొకడికి పనికొస్తుందన్నాడు. మా పై అధికారికి చెప్పి, సొరుగులో పెట్టాను. ఆ కాలంలోనే ఇంకో ఇద్దరు పెళ్లికొడుకులు దాన్ని పట్టుకుని గడప దాటారు, తిరిగొచ్చి అప్పగించారు.

నేను నేర్చుకున్నది ఇంతే: వరుసలో ఎవరైనా మొండికేస్తే నిబంధన చదివే ముందు, దాని బదులు ఏది సరిపోతుందో అడగాలి. చాలాసార్లు జవాబు వాళ్ల పంచె మడతలోనే ఉంటుంది.

చదివిన మీరూ నాతో కలిసి ఒక్క నిమిషం తల వంచండి. ప్రభువా, పిల్లాపాపలతో ఆ వరుసల్లో నిలబడినవారికి ఓర్పును, గడప కాచేవారికి వివేకాన్ని దయచేయుము. ఆమేన్‌.