పెద్దత్తగారికి పని చెప్పిన రోజు

ముందు నువ్వు ఆ కుర్చీలో సరిగ్గా కూర్చో బుజ్జీ. ఒక చెవి నాకిచ్చి, ఇంకో చెవి ఫోనుకిచ్చి వింటే కుదరదు. చెప్పింది చెప్పినట్టు రాయాలి, మధ్యలో నీ సొంత తెలివి కలపకూడదు. అమలాపురంలో పిల్లల డే కేర్ పెట్టుకుంటానంటే డిగ్రీ చాలదు, డిప్లొమా కూడా చెయ్యమంటున్నారు, అదయ్యాక ఎక్కడో టీచరుగా పనిచేసి రమ్మంటున్నారు, ఫస్ట్ ఎయిడ్ నేర్చుకోమంటున్నారు, అప్పుడుగానీ సెంటరుకి హెడ్డుగా కూర్చోనివ్వరట అని పొద్దుట్నించీ మొహం ముడుచుకుని తిరుగుతున్నావు. పసిపిల్లల్ని చూడ్డానికి ఇంత చదువేంటి నానమ్మా అన్నావు. అదే మాట నన్ను ఒకప్పుడు ఊరంతా అడిగింది. అందుకే చెప్తున్నాను, రాసుకో.

ఆ రోజుల్లో పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పెరుగుతారని మనవైపు ఒక నమ్మకం. నాట్లకి వెళ్ళే తల్లి గట్టు మీద పాత చీర పరిచి పిల్లాణ్ణి పడుకోబెట్టి, చుట్టూ కొబ్బరి మట్టలు అడ్డం పెడితే అదే ఉయ్యాల, అదే బడి. అలాంటి తల్లుల కోసమని కొత్తపేటలో మహిళా మండలివాళ్ళు ఒక బాలవాడి పెట్టారు. పొద్దున్న దింపి వెళ్తే సాయంత్రం దాకా అక్కడే చూసేవారు. నేను కాపరానికొచ్చిన కొత్తల్లో అక్కడి ఇన్‌చార్జి గారికి పెళ్ళి కుదిరి వెళ్ళిపోయారు. (ఆ పెళ్ళికి ఆవిడ వాళ్ళమ్మ కంటే నేనే ఎక్కువ సంతోషించాను, అది రాయకు. సరే, రాయి, ఫర్వాలేదు.) ఆ ఉద్యోగానికి పదో తరగతి పాసవ్వాలి, ఆ ఊళ్ళోనే కాపురం ఉండాలి. ఆ రెండూ నాకున్నాయి. ఆ పైన రామచంద్రపురంలో ట్రైనింగ్ అవ్వాలి. చివర్లో ఒక రోజు బాలవాడిని నువ్వే నడిపి చూపించాలి. ఆ రోజు పరీక్ష చేసే ఆవిడొచ్చి, చూసి, సరే అంటే ఇన్‌చార్జి, కాదంటే ఇంటికి.

ఇంట్లో ఇంకో పరీక్ష ఉంది. మా మామగారు వద్దనలేదు, సరే అనలేదు. "మా వదినగారు ఎలా అంటే అలా" అన్నారు. వదినగారంటే మీ తాతయ్యకి పెద్దమ్మ, నాకు పెద్దత్తగారు. కపిలేశ్వరపురం అవతల, గోదారి మధ్యనున్న లంకలో ఉండేవారు. మా పెళ్ళికి గోదారి పొంగి, జనాన్ని ఏరు దాటించే పంటుని రేవులోనే కట్టేశారు, ఇంక ఆవిడ ఏరు దాటి రాలేకపోయారు. అంచేత ఆవిడ ఎలా ఉంటారో నాకు తెలీదు. మీ తాతయ్యని అడిగితే "మహారాణిలా ఉంటుంది" అన్నారు. ఆయన వర్ణనలు ఎప్పుడూ అంతే, ఒక్క ముక్కతో సరి.

ట్రైనింగంటే పక్కింటి పిన్నిగారు నడుం మీద చెయ్యేసుకుని నవ్వారు. "పిల్లల్ని పెంచడానికి ట్రైనింగేంటమ్మా, నేను ఇంతమందిని పెంచేను, నన్నెవరైనా ట్రైనింగ్ అడిగేరా?" అన్నారు. ఆ ఇంతమందిలో ఒకడు ఆ సమయానికి మా సన్‌షేడ్ మీద కూర్చుని ఉన్నాడు, దిగడం రాక. నేను మాత్రం బస్సులు మారి రామచంద్రపురం వెళ్ళొచ్చేదాన్ని. అక్కడ పాఠాలు చెప్పే పెద్ద మేడం మాకు కొబ్బరి చిప్పలతో తక్కెడ చెయ్యడం, ఆకుతో బూర చుట్టడం, ముక్కులో శనగ్గింజ దూర్చుకున్న పిల్లాణ్ణి ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో అన్నీ నేర్పారు. బూచాడి పేరెత్తకూడదన్నారు. ఆ మాటతో క్లాసులో సగం మందికి ఆయుధం పోయినట్టయింది. ఏడిచే పిల్లాణ్ణి నోరు మూయించకూడదు, పక్కన కూర్చోవాలి, అంతే అన్నారు. అన్నిటికన్నా కష్టమైన పాఠం ఆఖర్న చెప్పారు. "పిల్లల మధ్యలో ఉన్నప్పుడు పెద్దవాళ్ళెవరొచ్చినా లేవకండి. కలెక్టరొచ్చినా లేవకండి. పిల్లల్ని ఇంకో మనిషికి అప్పజెప్పాకే కదలాలి. వచ్చినవాళ్ళు ఊరికే నిలబడి చూస్తే పిల్లలు బెదురుతారు, కాబట్టి వాళ్ళకి కూడా ఏదో పని చెప్పండి" అన్నారు.

నువ్వే చెప్పు, మనవైపు మనుషులకి అది అయ్యే పనేనా? గుమ్మంలోకి మనిషొస్తే ముందు కాళ్ళకి నీళ్ళు, తరవాత కుర్చీ, ఆ తరవాత కొబ్బరి బొండం. అన్నీ అయ్యి, వాళ్ళు మూతి తుడుచుకున్నాక అప్పుడు మెల్లిగా ఊరూ పేరూ. గుమ్మంలో నిలబెట్టి మీరెవరండీ అంటే అంతకంటే అవమానం ఉండదు. అలా పెరిగినదాన్ని నేను. ఇప్పుడు జరగబోయేదానికి అదే మూలం, కింద గీత గియ్యి.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఏ వేళకొస్తారో చెప్పరు. పెద్దత్తగారు కూడా ఆ రోజుల్లోనే ఎప్పుడో వస్తానని కబురు పెట్టారు. వంట పాకలో ఆయా ఉప్మా దింపింది, పిల్లలు తిన్నారు, చేతులూ మూతులూ అన్నీ ఉప్మాయే. నా ఒళ్ళో మోటారు ఉన్నాడు. అది మేం పెట్టిన పేరు. చేలో నీళ్ళ మోటారులా ఒకసారి ఏడుపు అందుకున్నాడంటే కరెంటు పోయినా ఆగేవాడు కాదు. సరిగ్గా అప్పుడు గుమ్మంలో ఒకావిడ. సన్నగా, నిటారుగా, ముతక నేతచీర, ఒంటి మీద బంగారం లేదు, లావు కళ్ళద్దాలు, చేతిలో నల్ల గొడుగు. లోపలంతా కళ్ళతో తుడిచినట్టు చూశారు. పరీక్షావిడ చాలా స్ట్రిక్టని మేడం ముందే బెదిరించి ఉన్నారు. ఇంక అనుమానమేంటి? నా కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. బలవంతాన మఠం వేసుకుని కూర్చుని, "రండండి. నేను లేవలేను, ఏమనుకోకండి. మీరలా నిలబడితే పిల్లలు బెదురుతారండి. ఆ చెంబు తీసుకుని వీళ్ళకి చేతులు కడగండి" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి చూశారు, ఇంకెవరైనా ఉన్నారేమోనని. "నన్నేనా అమ్మా?" అన్నారు.

"ఆయ్, మిమ్మల్నేనండి."

ఆవిడ గొడుగు మూల పెట్టి, కొంగు దోపుకుని, ఒక్కొక్కణ్ణీ లాక్కుని చేతులు కడిగారు. మూతులు నేను చెప్పకుండానే కడిగారు. కడిగి, నా ముందుకొచ్చి నిలబడి, "ఇంకేం చెయ్యాలి?" అన్నారు. ఆ గొంతులో కోపముందో నవ్వుందో తెలీలేదు. పరీక్షావిడ కదా, తెలియనివ్వరు అనుకుని మోటారుని ఆవిడ చేతుల్లో పెట్టాను. వాడు రాగం ఎత్తాడు. ఆవిడ అలవాటుగా "అదుగో బూచి..." అనబోయారు. నేను వేలు పైకెత్తి, బూచి కుదరదండి అన్నాను. "మా ఇంట్లో అందరూ బూచితోనే పెరిగేరమ్మా" అన్నారు. ఇక్కడ మాత్రం పక్కన కూర్చోడమేనండి అన్నాను. కూర్చున్నారు. ఎంత బాగా పరీక్ష చేస్తున్నారో అని లోపల లోపల మెచ్చుకున్నాను.

ఈలోగా బయట రిక్షా ఆగింది. చూద్దును కదా, మహారాణి. భారీ మనిషి, పట్టుచీర, మోచేతుల దాకా గాజులు, రూపాయి బిళ్ళంత బొట్టు, నోట్లో కిళ్ళీ. మీ తాతయ్య అబద్ధం చెప్పలేదనుకున్నాను. లోపలావిడతో "కాస్త వీళ్ళని చూస్తూ ఉండండి, ఇప్పుడే వస్తాను" అని పిల్లల్ని అప్పజెప్పి (చూశావా, రూలు తప్పలేదు) పరిగెత్తాను. వాకిట్లోనే కాళ్ళకి దణ్ణం పెట్టాను. కాళ్ళకి నీళ్ళిచ్చాను. నీడలో కుర్చీ వేసి, ఆయా చేత బొండం కొట్టించి, విసనకర్ర అందుకుని విసరడం మొదలుపెట్టాను. ఆవిడ కొంచెం ఆశ్చర్యపడ్డారుగానీ బొండం వద్దనలేదు. సగం తాగేదాకా ఆగి, గొంతు తగ్గించి, "అత్తయ్యగారూ, మీరొక్క మాట అంటే మామయ్యగారు ఒప్పుకుంటారండి. లోపల పరీక్షావిడ ఉన్నారు, నేనిలా బయటికి రాకూడదు. కానీ మీరొస్తే ఎలా ఊరుకుంటానండి" అన్నాను.

ఆవిడ బొండం మెల్లిగా కింద పెట్టారు. "లోపల పరీక్షావిడ ఉన్నారా?" అన్నారు. "మరి నేనెవర్నమ్మా?"

నా చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఈవిడ పరీక్షావిడైతే లోపల చెంబు పట్టుకున్నావిడ ఎవరు? ఆ లెక్క నా బుర్రలో పూర్తవక ముందే లోపల్నుంచి గొంతు వినిపించింది. "ఏమ్మా, పిల్లాడిప్పుడే పడుకున్నాడు. ఆ బయటావిడెవరో కాస్త నెమ్మదిగా మాట్లాడమను."

పరీక్షావిడ గాజులు చప్పుడవకుండా చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళారు. వెనక నేను, ప్రాణం ఉందో లేదో తెలీకుండా. లోపల మోటారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, పెద్దత్తగారి ఒళ్ళో. మిగతా పిల్లలు చుట్టూ చేరి, పంటు మీద గేదె ఏరు దాటిన కథ వింటున్నారు. గేదె గొంతు కూడా ఆవిడే పెడుతున్నారు, పిల్లాడు లేవకుండా, గుసగుసగా. ఎవరండీ మీరు అని పరీక్షావిడ అడిగారు. "లంక నుంచొచ్చేనండి, కోడల్ని చూద్దామని" అన్నారు పెద్దత్తగారు, కథ ఆపకుండానే.

పరీక్షావిడ నన్ను బయటికి పిలిచి, ఎవరో తెలీకుండా ఆవిడ చేతిలో పిల్లల్ని ఎలా పెట్టేవని అడిగారు. మీరనుకునేనండి అన్నాను. నాలా ఉందా ఆవిడ అన్నారు. "బూచి చెప్పొద్దని చెప్పేనండి" అన్నాను. ఆవిడ మిగిలిన బొండం తాగుతూ ఒకటే నవ్వు. నవ్వి, అంతలోనే మొహం మార్చుకుని చెప్పారు. పని చెప్పడం వచ్చింది, ఇన్‌చార్జికి కావలసింది అదే, తను ఒక్కతే అన్నీ చేసేది ఆయా అవుతుందిగానీ ఇన్‌చార్జి అవదు. కానీ గుమ్మంలో ఎవరని అడగనిదాని చేతికి పసిపిల్లల్ని ఇవ్వను, అది నేర్చుకుని రా అన్నారు. దాంతో నేను మళ్ళీ రామచంద్రపురం. ఇంకో వారం అక్కడి బాలవాడి గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళనీ మీరెవరండీ, ఏ పిల్లాడి తాలూకండీ అని అడగడమే నా చదువు. రోజూ వచ్చే పాలాయన నొచ్చుకుని రెండో రోజు వెనక గోడ దగ్గర్నుంచి పాలిచ్చి వెళ్ళాడు. పదో తరగతి లెక్కలు కూడా నన్నంత ఏడిపించలేదు. ఆఖరికి సరే అన్నారనుకో.

కానీ ఆ రోజు సాయంత్రం సంగతి చెప్పలేదు కదూ. పెద్దత్తగారూ నేనూ కలిసి ఇంటికొచ్చాం. ఆవిడ స్నానం చేసి, ఫలహారం చేసి, అరుగు మీద కూర్చున్నారు. నేను తలుపు వెనక నక్కి ఉన్నాను. ఇంటికొచ్చిన పెద్దదానికి మంచినీళ్ళివ్వకుండా చెంబు ఇచ్చిన కోడలికి ఇంక ఉద్యోగం ఏమొస్తుంది? మామగారు, ఏమంటారు వదినా అని అడిగారు. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఈ పిల్లకి మర్యాద తెలీదు మరిదీ. పని చెప్పడం తెలుసు. ఇంట్లో ఉందంటే మీకూ నాకూ అందరికీ చెప్తుంది. ఆ పిల్లల దగ్గరికే పంపెయ్యి" అన్నారు. మా మామగారు గబగబా తలూపారు.

ఆ తరవాత ఆవిడ ఎప్పుడు ఏరు దాటినా తిన్నగా ఇంటికొచ్చేవారు కాదు. ముందు బాలవాడికి వచ్చేవారు. నేను గుమ్మంలో మీరెవరండీ అనేదాన్ని, లంక నుంచండీ అనేవారు, ఇద్దరం మొహాలు గంభీరంగా పెట్టుకుని. గొడుగు మూల పెట్టి, "ఇంకేం చెయ్యాలి?" అనేవారు. చెయ్యడానికి ఏమీ లేదంటే మాత్రం చిన్నబుచ్చుకునేవారు. అప్పుడు నాకర్థమయ్యేది కాదు. ఇప్పుడు నన్ను చూడు, ఎక్కడికెళ్ళినా ముందు కుర్చీ వేసేస్తున్నారు.

అంచేత నువ్వు ఆ డిప్లొమా మొహం ముడుచుకోకుండా చెయ్యి. రేపు నీ సెంటరుకి నేనొస్తాను. గుమ్మంలో ఆపి ఎవరని అడుగు, నేనేం నొచ్చుకోను. కానీ కుర్చీ మాత్రం వెయ్యకే తల్లీ. గొడుగు పెట్టుకోడానికి ఒక మూల చూపించి, అందరికంటే గట్టిగా ఏడిచేవాడు ఎవడైతే ఉన్నాడో వాణ్ణి తెచ్చి నా ఒళ్ళో... ఏంటీ? మీ అమ్మ పిలుస్తోందా? ఆయ్, వస్తున్నానమ్మా, పులుసు చల్లారితే ఏమైంది, ఒక్క ముక్క చెప్పి వస్తాను. వాణ్ణి నా ఒళ్ళో పెట్టి, అప్పుడు నువ్వు నాతో బూచి కుదరదండి అను.