ఈరోజు క్లాసులో మాట్లాడింది

మా స్కూల్ డైరీలో చివరి పేజీల మీద 'రిమార్క్స్' అని అచ్చు వేసి ఉంటుంది. ఇంగ్లీషులో ఆ మాటకు మంచీ చెడూ రెండూ ఉన్నాయేమో గానీ, మన తెలుగులోకి వచ్చేసరికి మంచి ఎక్కడో దారిలో జారిపోయింది. 'ఆయన మీద ఒక్క రిమార్కు లేదు' అన్నామంటే ఆ మనిషి బంగారమని అర్థం. ఢిల్లీలో ఇన్నేళ్లుగా మూడో తరగతికి పాఠాలు చెబుతున్న నాకు ఈ సంగతి తెలియాలి. తెలిసి కూడా ఆ పేజీలో ఒక సంతోషం రాసి ఇంటికి పంపాను. దాని ఫలితం ఎనిమిదేళ్ల పిల్ల అనుభవించింది.

ఆ పిల్ల జులైలో మా క్లాసుకు వచ్చింది. తండ్రిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చారు. క్వార్టర్ ఇంకా చేతికి రాలేదని లక్ష్మీ నగర్‌లో, కోచింగ్ పిల్లలుండే పీజీ పై అంతస్తులో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. స్కూలుకు నడిచి వచ్చే దూరమే. తెలుగు పిల్ల వస్తోందంటే నాకు కాలు నిలవలేదు. నాది నల్లగొండ. క్లాసులో అప్పటికే ఇద్దరు తెలుగు పిల్లలున్నారు గానీ, వాళ్లు నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం.

మొదటి రోజు హాజరు పిలిచినప్పుడు ఆ పిల్ల లేచి నిలబడి, "వచ్చానండి, మేడమండి" అంది. పక్క బెంచీవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హిందీలో హండీ అంటే కుండ. ఇంటర్వెల్ అయ్యేలోగా క్లాసంతా "మేడమ్ హండీ, మేడమ్ హండీ" అని పాట కట్టింది. నేను గట్టిగానే కోప్పడ్డాను. నేను కోప్పడితే క్లాసు నోరు మూసుకుంటుంది, ఆ విషయంలో నాకు స్కూల్లో పేరుంది. కానీ వాళ్లందరికంటే ముందు ఆ పిల్ల నోరు మూసుకుంది.

అలా ఐదు నెలలు. అక్షరాలు ముత్యాల్లా రాసేది, లెక్కలు తప్పకుండా చేసేది, నోటి వెంట మాత్రం ఒక్క ముక్క లేదు. విడిగా పిలిచి తెలుగులో అడిగినా తల ఊపడమే. బాత్రూమ్‌కి వెళ్లాలంటే చిటికెన వేలు ఎత్తేది, నేను కళ్లతోనే సరే అనేదాన్ని. అక్టోబర్‌లో పేరెంట్స్ మీటింగ్‌కి తల్లి ఒక్కతే వచ్చింది. "ఇంట్లో బానే మాట్లాడుద్దండి, ఇక్కడ మాట్లాడదా?" అని ఆవిడే నన్ను ఆశ్చర్యంగా అడిగింది. నేను అప్పుడే ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ ఏడాది సిలబస్ అయినా కాకపోయినా ఈ పిల్ల నోరు విప్పాలి. నేను పట్టు పడితే వదలనని మా ఆయన ముప్పూటలా అంటూనే ఉంటారు, మెచ్చుకోలుగా మాత్రం కాదు.

డిసెంబర్‌లో ఒక మంగళవారం, కిటికీ రెక్క గాలికి తెరుచుకుని క్లాసంతా వణుకుతోంది. నేను బోర్డు మీద భాగహారం చేస్తున్నాను. వెనక నుంచి సన్నగా, స్పష్టంగా వినిపించింది: "ఖిడ్‌కీ బంద్ కర్ దో."

కిటికీ మూసేయమని. మూడో బెంచీ నుంచి. ఆ పిల్ల.

నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే బెదిరిపోతుందని భయం. మామూలుగా వెళ్లి కిటికీ మూసి, మళ్లీ భాగహారం అందుకున్నాను. చివరి పీరియడ్‌లో నోటుబుక్కులు దిద్దుతూ, చేతిలో ఉన్న ఎర్రపెన్నుతోనే ఆ పిల్ల డైరీ తీసి రిమార్కుల పేజీలో రాశాను. తల్లి కూడా చదువుకుంటుందని తెలుగులోనే రాశాను. 'ఈరోజు పాప క్లాసులో మాట్లాడింది.' కింద సంతకం పెట్టాను. ఇంత మంచి కబురు ఇంటికి పంపి ఎన్నాళ్లయిందో అనుకుంటూ ఆ పూట హాయిగా బస్సెక్కాను.

బుధవారం మాట్లాడలేదు. గురువారమూ లేదు. తొందరపడకూడదని సర్దిచెప్పుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం ఆమె పక్క పిల్ల లేచి "మేడమ్" అని నేల వైపు చూపించింది. బెంచీ కింద తడి. ఆ పిల్ల రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని, ముందున్న పుస్తకం మీంచి తల ఎత్తకుండా కూర్చుంది. చిటికెన వేలు కూడా ఎత్తలేదు. ఆయా దీదీని పిలిచి, పిల్లను పంపి, మిగతావాళ్లెవరైనా కిసుక్కుమంటే ఊరుకోనన్న చూపు ఒకటి చూసి, నేను ఆమె బ్యాగులోంచి డైరీ తీశాను.

నా వాక్యం కింద నీలం సిరాతో జవాబు ఉంది. 'విషయం గమనించడమైనది. పాపకు తగిన ఆదేశాలు ఇవ్వడమైనది. ఇకపై ఇది పునరావృతం కాదని హామీ ఇస్తున్నాము.' తండ్రి సంతకం, తేదీతో సహా.

తల కొట్టేసినట్టయింది. క్లాసులో మాట్లాడాడు, క్లాసులో మాట్లాడింది అని ఇన్నేళ్లలో ఎన్ని డైరీల్లో రాసి ఉంటానో నేను. అన్నీ ఫిర్యాదులే. ఆ వాక్యానికి ఇంకో అర్థం లేకుండా చేసింది నేనే. మరి ఆ తండ్రి ఎలా చదువుతాడు?

సాయంత్రం వాళ్లింటికి వెళ్తానని కోఆర్డినేటర్‌తో చెప్పాను. ఆవిడ మంచి మనిషే, రూల్స్ అంటే ప్రాణం. "ఘర్ మత్ జాయియే మేడమ్, యాప్ పే డాల్ దీజియే" అంది. ఇంటికి వెళ్లొద్దు, స్కూల్ యాప్‌లో పెట్టెయ్యండి అని. ఆ యాప్‌లో సెలవులు వస్తాయి, యూనిఫాం సంగతులు వస్తాయి, పండగ రోజు పిల్లలు వరసగా నిలబడి నవ్విన ఫోటోలు వస్తాయి. వాళ్లు క్లాసులో నిజంగా ఏం చేశారన్నది తప్ప అన్నీ వస్తాయి. రాసినదాంతోనే ఇంత జరిగింది, ఇంకోసారి రాసి పంపే ఉద్దేశం నాకు లేదు. వెళ్తానని మళ్లీ చెప్పి వెళ్లాను.

తలుపు తీసింది ఆ పిల్లే. నన్ను చూసి లోపలికి పరిగెత్తి వాళ్లమ్మ వెనక దాక్కుంది. తండ్రి అప్పుడే ఆఫీసు నుంచి వచ్చినట్టున్నాడు, మెళ్లో ఐడీ కార్డు ఇంకా తీయలేదు. లేచి నిలబడి చేతులు జోడించాడు.

"మళ్లీ ఏమైనా మాట్లాడిందా అండి? గట్టిగానే చెప్పానండి. నోరెత్తకు, కదలకు, మేడమ్ గారితో మాట అనిపించుకోకు అని."

"అయ్యో సార్," అన్నాను. "నేను కంప్లైంట్ రాయలే. సంతోషం పట్టలేక రాసిన. ఐదు నెలలల్ల మీ బిడ్డ మొదటిసారి నోరు తెరిచింది."

ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. "మాట్లాడట్లేదని మా ఆవిడ చెప్పిందండి. కానీ రిమార్కుల పేజీలో ఉంది కదండీ," అన్నాడు. "పైగా ఎర్రింకు. మా ఆఫీసులో అలా వస్తే వెంటనే వివరణ రాసివ్వాలండి." తర్వాత గొంతు తగ్గించి, "ఏం మాట్లాడిందండి?" అని అడిగాడు.

అదీ రాయలేదు నేను. మాట్లాడిందని రాశాను గానీ ఏం మాట్లాడిందో రాయలేదు. చెప్పాను. కిటికీ సంగతి వినగానే తల్లి కళ్లు తుడుచుకుంది. "నువ్వే అన్నావా అమ్మా, హిందీలో?" అని ఆయన కూతుర్ని అడిగాడు. చెప్పొచ్చో లేదో తెలియనట్టు పిల్ల ఆయన మొహం చూసింది, తర్వాత నా మొహం చూసింది. అప్పుడు నాకు తట్టింది. రెండో తరగతి దాకా కాకినాడలో తెలుగు చదువుకున్న పిల్ల. నా వాక్యాన్ని తండ్రికంటే ముందు చదివింది తనే. టీచర్ నా మీద చాడీ రాసిందనుకుంటూ ఆ డైరీని వీపున మోసుకుని ఇంటికి నడిచింది. తండ్రి తిట్టడం కన్నా నాకు అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, "తప్పు నాది బిడ్డా, సరిగ్గా రాయరాలే నాకు," అన్నాను. ఆ పిల్ల తలుపు గొళ్లెం వైపు చూస్తూ నిలబడింది. ఒక్క క్షమాపణతో అన్నీ సర్దుకుంటాయనుకోవడానికి నేను మొన్నమొన్న ఉద్యోగంలో చేరినదాన్ని కాదు.

సోమవారం నుంచి పద్ధతి మార్చాను. రిమార్కుల పేజీలో ఇక ఫిర్యాదులుండవు, అవి ఫోన్‌లో చెప్పుకుంటాను. ఆ పేజీలో పిల్లలు అన్న మాట, అన్నది అన్నట్టు, నీలం సిరాతో. నలభై ఒక్క మంది, రోజుకు ఎనిమిది డైరీలు. మొదటి వారం తల్లిదండ్రులు కొంప మునిగినట్టు గేటు దగ్గరికి వచ్చారు. "మేడమ్, క్యా కియా ఇస్‌నే?" అని ఒక తండ్రి కొడుకు చెవి పట్టుకుని మరీ తెచ్చాడు. వాడేం చేయలేదు, చీమలకు ఆదివారం ఉందా అని అడిగాడు, అదే రాశాను అని చెబితే ఆయనకు నమ్మకం కుదరడానికి చాలాసేపు పట్టింది. రెండో వారం కోఆర్డినేటర్ పిలిచి డైరీ అందుకు కాదంది. ఎందుకో రూల్ చూపించండి, మానేస్తాను అన్నాను. ఆవిడ వెతుకుతానంది. ఇంకా వెతుకుతూనే ఉంది.

ఆ పిల్లకు మాత్రం వారానికోసారి కాదు, రోజూ రాశాను. రాయడానికేం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తానని మాటిచ్చుకున్నాను కాబట్టి, 'ఈరోజు ఏమీ అనలేదు. ఎదురుచూస్తున్నాను,' అని రాసేదాన్ని. మర్నాడు తండ్రి జవాబు ఉండేది. 'గమనించాము. మేమూ ఎదురుచూస్తున్నాము.' చిటికెన వేలు మళ్లీ లేవడం మొదలైంది, మాట మాత్రం రాలేదు. జనవరి అంతా పొగమంచు సెలవులు పోగా మిగిలిన రోజుల్లో అవే రెండు వాక్యాలు, ఒకటి నాది, ఒకటి ఆయనది, పేజీ నిండి రెండో పేజీలోకి వెళ్లాయి. మార్చిలో క్లాసు మారిపోతుంది. ఆ తర్వాత ఆ పిల్ల నా చేతిలో ఉండదు. రోజులు లెక్కపెడుతున్నానని ఎవరితోనూ అనలేదు గానీ, లెక్కపెట్టాను.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు, చివరి పీరియడ్. మిగతావాళ్లు బ్యాగులు సర్దుకుంటున్నారు. ఆమె డైరీ తెరిచి 'ఈరోజు ఏమీ' దాకా రాశాను. పేజీ మీద ఒక చిన్న వేలు పడింది. తలెత్తితే నా బల్ల పక్కన నిలబడి ఉంది.

"అలా రాయకండి," అంది. "నాన్న రోజూ అది చదివి బాధపడుతున్నారు."

రాసిన రెండు మాటలూ కొట్టేశాను. పిల్లలు అన్నది అన్నట్టు రాయాలన్నది నేను పెట్టుకున్న నియమం, దాన్ని ఈ పిల్ల దగ్గరే తప్పదల్చుకోలేదు. నెమ్మదిగా, ఆమెకు కనపడేలా రాశాను. 'ఈరోజు పాప నాతో అంది: అలా రాయకండి, నాన్న రోజూ అది చదివి బాధపడుతున్నారు.'

ఆ పిల్ల వంగి, పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరి దాకా చదువుకుంది. ఎక్కడో లోటున్నట్టు కాసేపు ఆలోచించింది.

"అమ్మ కూడా అని కలపండి," అంది.

కలిపాను.