సెలవులో అలిసిపోయిన పైలట్

కరోనా సద్దుమణిగి, ఆగిపోయిన శిక్షణలన్నీ మళ్లీ ఊపందుకున్న ఏడాది అది. మిలిటరీ పైలట్లను పరీక్షించే ఒక వైద్య కేంద్రంలో నేను సైకాలజిస్టుని. ఉండేది చిక్కబళ్లాపురంలో, పని బెంగళూరులో. గుండె, కళ్లు డాక్టర్లు చూస్తారు. మనిషి ధ్యాస ఎంతసేపు నిలుస్తుందో నేను చూస్తాను.

ఆ హెలికాప్టర్ పైలట్‌ను మంజునాథ అందాం. అసలు పేరు అది కాదు. ముప్పై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. కొత్త రకం హెలికాప్టర్‌కు మారేముందు మా దగ్గరికి పంపారు. పెద్ద సెలవు ముగించుకుని నేరుగా వచ్చాడు కాబట్టి బాగా విశ్రాంతి దొరికే ఉంటుందనుకున్నాం.

ముందు విజిలెన్స్ టెస్ట్ పెట్టాను. ఖాళీ తెర మీద చుక్క వెలగగానే బటన్ నొక్కాలి, అంతే. నిద్ర చాలని మనిషి ఆ చుక్కను చూస్తూనే ఉంటాడు గాని నొక్కడు. ఆ తప్పిపోయిన క్షణాన్ని ల్యాప్స్ అంటాం. మంజునాథకు అవి మాటిమాటికీ వచ్చాయి. తర్వాత సిమ్యులేటర్, అంటే నేల మీదే ఉండి ఎగురుతున్నట్టు అనిపించే కాక్‌పిట్. కొండల మధ్య దిగుతుంటే ఎత్తు మరీ తగ్గిపోతోందని మీటర్ చూపించింది. అటే చూశాడు, చెయ్యి మాత్రం కదల్లేదు. అదే నిజం హెలికాప్టర్ అయితే వెనక జవాన్లు కూర్చుని ఉంటారు.

దిగాక వర్క్‌లోడ్ రేటింగ్ అడిగాను. పని మనసుకు ఎంత బరువనిపించిందో పైలటే చెప్పాలి. "తేలిగ్గానే ఉంది మేడం" అన్నాడు. అబద్ధమాడలేదు. అలసట ముదిరినవాడికి తాను అలిసిపోయానన్న సంగతే తెలియదు.

మధ్యాహ్నం భోజనాలప్పుడు వరండాలో అతను ఫోనులో మాట్లాడుతున్నాడు. "ఆకు తడి ఆరినాకే ఎయ్యక్కా. ఒక్కదానివే ఏస్తాండావని బావకు చెప్పొద్దు, లేచి వస్తాడు."

నేను చింతామణిలో పుట్టినదాన్ని. మా మేనత్త ఇంట్లో మల్బరీ ఆకు వేసి పట్టుపురుగులు పెంచేవాళ్లు. ఫోను పెట్టేశాక ఆగలేక అడిగేశాను: "నాలుగో జ్వరం లేచినాయాప్పా?"

పురుగు పొర విడిచేముందు ఆకు మాని పడుకోవడాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగోది లేచిందంటే ఇక గూడు కట్టేదాకా దాని ఆకలికి రాత్రీ లేదు, పగలూ లేదు.

అతను ఫోను జేబులో పెట్టుకుని నా వైపు తిరిగాడు. "మీది యాడ మేడం?"

"చింతామణి."

"మాది శిడ్లఘట్ట పక్కన పల్లె" అన్నాడు. అప్పటిదాకా ఇంగ్లీషులో సాగిన మాటలు తెలుగులోకి దిగాయి. మేడం కాస్తా అమ్మా అయింది. చిన్నప్పుడే తల్లి పోతే అక్కే పెంచింది. ఈమధ్య బావ ట్రాక్టర్ మీంచి పడి, నడుం దెబ్బతిని మంచం మీద ఉన్నాడు. ఇతని సెలవంతా పురుగుల ఇంట్లోనే గడిచింది.

"అక్కను పండుకోమని నేను ఆకేస్తా ఉంటినమ్మా. ఆయమ్మ పండుకోదు. ఇద్దరం పాతవన్నీ మాట్లాడుకుంటా తెల్లారబెడ్తా ఉంటిమి. బావ పడినప్పట్నుంచి అక్క నవ్విందే లేదు. నేను ఇంటికి పోయినాకనే నవ్వతాండాది."

"నిద్ర లేకుండా నువ్వు ఎగరగూడదని ఆమెకు తెలుసునా?"

"తెలిస్తే రానిస్తాదా?"

ఫలితాలు డాక్టరుగారికి ఇవ్వక తప్పదు, ఇస్తే ఆయన కొన్నాళ్లు ఎగరనివ్వరు. ఆ మాటే చెప్పాను.

"ఇచ్చేయండమ్మా. నా వెనక కూర్చునేవాళ్లకూ అక్కలుండారు. డాక్టర్‌కు ఇంటి సంగతి నేనే చెప్తా. అక్కకు చెప్పేదే కష్టం. తన వల్లే ఇట్లయిందనుకుంటాది."

తోడు రమ్మని అడిగాడు. ఆదివారం వెళ్లాను. అక్క ఆకు కోసిన చేతులతోనే వచ్చి గడపలో కూర్చుంది. విషయం చెప్పాను. ఆమె అడిగింది ఒక్కటే.

"నిద్రపోతే సరిపోతాదా అమ్మా? ఇంకేం రోగం లేదు గదా?"

"లేదమ్మా."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "ఇంక నువ్వు పురుగులింట్లోకి రావద్దు."

"మరి ఆకెవరు ఏస్తారక్కా?"

"పక్కింటి రత్నమ్మను పిలుచుకుంటా. ఆయమ్మ పురుగుల పంటకు నేను పోతా." చేతులు ఆకు పాలతో జిగటగా ఉన్నాయని, మణికట్టుతో అతని నుదుటి మీది వెంట్రుకలు పక్కకి తోసింది. "ఊరికి రావద్దన్లేదురా. వచ్చి పండుకోమంటాండా."

అతను లేచి, బావ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

కొన్నాళ్లు ఎగరకుండా నేల మీది పనులే చేశాడు. మళ్లీ పరీక్షకు వచ్చినప్పుడు ల్యాప్స్ దాదాపు లేవు. డాక్టరుగారు ఎగరడానికి అనుమతించారు. కాగితాలు తీసుకుని వెళ్లబోతూ నా గది గుమ్మంలో ఆగాడు.

"ఈ పంటకూ పోయినానమ్మా. అక్క బయట మంచమేసింది. లోపల పురుగులు ఆకు తింటాంటే సన్నగా వాన పడినట్ల సద్దు. రత్నమ్మ ఏందో అంటే అక్క నవ్వతాండె. అది వింటా ఎప్పుడు నిద్రపోతినో తెలీలే."

సెలవు నుంచి వచ్చిన పైలట్‌ను ఇప్పుడు నేను బాగా నిద్రపోయారా అని మాత్రమే అడగను. ఇంట్లో ఎవరికైనా బాగాలేదా, రాత్రిళ్లు ఎవరు మేలుకుంటున్నారు అని కూడా అడుగుతాను. చాలామంది అంతా బాగానే ఉందంటారు. అప్పుడు కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, మీ ఊరేది అని మొదలుపెడతాను.