టాంకీకి అటు బావ, ఇటు నేను

ఆ రోజుల్లో నేను సిగరెట్టు తాగుతానని మా బావకు తెలియదు. అంటే, తెలుసు. ఆయనకు తెలుసని నాకూ తెలుసు. కానీ తెలియనట్టు ఉండడమే మర్యాద అని ఇద్దరికీ ఇంకా బాగా తెలుసు. హైదరాబాదు శివార్లలో, పటేల్‌గూడలో మేం కిరాయికున్న ఇంటి డాబా మీద ఒక నల్లటి నీళ్ల టాంకీ ఉండేది. డ్యూటీ నుంచి వచ్చి చాయ్ తాగగానే బావ "జెర గాలికి పోయొస్త" అని పైకి వెళ్లేవాడు. కాసేపాగి నేను "బట్టలు ఆరినయో లేదో సూసొస్త" అని లేచేవాణ్ని (బట్టలు ఉతకని రోజుల్లో కూడా). ఆయన టాంకీకి ఆ పక్క, నేను ఈ పక్క. పెద్దవాళ్ల ముందు సిగరెట్టు ముట్టించకూడదు కాబట్టి మా మధ్య టాంకీడు నీళ్ల మర్యాద. రెండు పక్కల నుంచీ లేచిన పొగ టాంకీ మీద కలిసిపోయేది. కింది నుంచి చూస్తే టాంకీలో నీళ్లు మసులుతున్నట్టే ఉంటుందని మా అక్క అనేది. ఆ మాట ఆమె ఎవరిని ఉద్దేశించి అనేదో మేమెప్పుడూ అడగలేదు.

బావ మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న పెద్ద ఇంజినీరింగ్ ఫ్యాక్టరీలో వెల్డర్. నేను ఆ పక్కనే బొల్లారంలో మందుల ముడిసరుకు చేసే ఒక కంపెనీలో ఆపరేటర్ని. అక్కాబావల దగ్గరే ఉంటూ, అక్క వండింది తింటూ, పెళ్లీపెటాకులూ లేకుండా హాయిగా ఉన్నాను. అక్క కాన్పుకని సంగారెడ్డి దగ్గర మా ఊరికి, అమ్మ దగ్గరికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. ఇక మూడో నెలలో పిల్లను తీసుకుని వస్తుందనగా ఒకరోజు ఫోన్ చేసింది. బావ రొట్టె కాలుస్తూ స్పీకర్ పెట్టాడు.

"పిల్లకు ఛాతీల పిల్లికూతలు వస్తున్నయ్. దవాఖానకు తీస్కపోతే డాక్టరమ్మ ఏం అడిగిందో ఎరుకనా? ఇంట్ల ఎవలన్న సిగరెట్టు తాగుతరా అని. నాకు తలెత్తబుద్ధి కాలే. ఇగ నేను చెప్తున్న, ఇంట్ల ఆ వాసన పోయిన్నాడే వస్త. పోకుంటే ఈడనే ఉంట."

"మానేస్తనే. బిడ్డ మీద ఒట్టు," అన్నాడు బావ.

"దాని మీద ఎందుకు పెడ్తవయ్యా ఒట్టు? నీ మీద పెట్టుకో!" అని కసిరి, వెంటనే గొంతు మార్చి, "తమ్మీ, ఇంటున్నవా? నీకైతే ఏ అలవాటు లేదు. బావ మీద ఒక కన్నేసి ఉంచు. అబద్ధం చెప్పకు నాకు," అంది.

బావ నా వైపు చూశాడు. నేను ఫ్యాన్ వైపు చూశాను. పెనం మీద రొట్టె మాడింది. దొంగ చేతికే తాళంచెవి ఇవ్వడమంటే ఇదే. ఇంటికి పట్టిన వాసనలో సగం వాటా నాది కదా! ఆయన ఒక్కడు మానితే ఇల్లు ఎట్లా బాగుపడుతుంది? మా బావ తన బిడ్డను సెలవు దొరికిన ఆదివారాల్లోనే చూసేవాడు. వెళ్లొచ్చిన ప్రతిసారీ తన చూపుడువేలు నాకు చూపించి "గిట్ల పట్టుకుంది బామ్మర్ది, ఇడుస్తలేదు" అని చెప్పేవాడు. ఆ వేలు చూశాక నేను కూడా మానాల్సిందే అనుకున్నాను. అయితే నాకొక ఇబ్బంది ఉంది. ఆయన అందరి ముందూ మానవచ్చు. నేను మాత్రం ఎప్పుడూ తాగని వాణ్ని కాబట్టి, ఎవరికీ తెలియకుండా మానాలి.

మానడమంటే తాగకపోవడమే కదా, అందులో పనేముంటుంది అనుకునేవాణ్ని. ఉంది. నిండా ఉంది. మొదటి దెబ్బ మా కంపెనీ గేటు దగ్గరే తగిలింది. మా దగ్గర అగ్గిపెట్టె లోపలికి పోకూడదు. నిప్పురవ్వ పడితే కంపెనీతో పాటు మేమూ ఉండం. అందుకని లోపలికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర బిహారీ సెక్యూరిటీ భయ్యాకు అగ్గిపెట్టె ఇచ్చి, వచ్చేటప్పుడు తీసుకోవాలి. ఆ రోజు నేను ఉత్త చేతులతో వెళ్లేసరికి ఆయన నన్ను ఆపేశాడు. "మాచిస్?" అన్నాడు. లేదన్నాను. "రోజ్ ఇస్తవ్, ఆజ్ నై? అందర్ లేకే జాతా క్యా?" అని, లోపలికి దాచుకుపోతున్నానన్న అనుమానంతో జేబులు, సాక్సులు, చివరికి టిఫిన్ డబ్బా కూడా విప్పించాడు. సిగరెట్టు మానేశానంటే నవ్వాడు. అలా చెప్పి లోపల దాచిన వాళ్లను ఆయన చాలామందిని చూశాడట. రోజూ ఇదే తంతు. చివరికి నేనొక అగ్గిపెట్టె కొని, వెళ్తూ ఆయనకిచ్చి, వస్తూ తీసుకునేవాణ్ని. సిగరెట్టు మానేశాక కూడా అగ్గిపెట్టె జేబులో వేసుకుని తిరిగిన మనిషిని ఆ ఫ్యాక్టరీల బెల్టులో నేనొక్కణ్నే అయ్యుంటాను.

తర్వాత చేతుల సంగతి. చాయ్ అయిపోగానే కుడిచెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి వెళ్లేది. అక్కడేమీ దొరక్క, కాసేపు గుండె మీదే ఉండిపోయేది. చూసేవాళ్లకు నేనేదో ప్రమాణం చేస్తున్నట్టు ఉండేది. జేబులో పుట్నాలు పోసుకున్నాను. సిగరెట్టు పోయాక బావకూ నాకూ ఒకటే ఆకలి. పొద్దున బాత్రూం సంగతి చెప్పకూడదు గానీ చెప్పకపోతే కథ అబద్ధమవుతుంది. సిగరెట్టు లేకుండా కడుపు కదలదని మా బావ నమ్మకం. నమ్మకం కాదు, నిజమే అని నాకూ తెలిసొచ్చింది. ఆయన లోపలికెళ్లి కూర్చుని, "బామ్మర్ది, డ్యూటీకి టైమైతే నువ్వు పో, నా గురించి సూడకు" అని దుఃఖంగా అనేవాడు. నేను బయట నిలబడి, ఆయన మీద జాలితో అన్నట్టు, నా కడుపు పట్టుకునేవాణ్ని.

కోపం ఇంకో వింత. ఆయన గిన్నె మీద అరిచేవాడు. చెప్పు మీద అరిచేవాడు. ఒకసారి కరెంటు పోతే కరెంటు వచ్చేదాకా అరిచాడు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ మెట్ల మీంచి "పాపం, సిగరెట్టు మానిండంట గదా, ఏమనకు బిడ్డా" అని నాకే బుద్ధి చెప్పేది. ఆయన కోపానికి సానుభూతి దొరికింది. నా కోపానికి ఏమీ దొరకలేదు. పంటినొప్పి అని చెప్పుకుని తిరిగాను. దానికి ఆమె లవంగాలు తెచ్చి దవడలో పెట్టించింది. అలా చాలా రోజులు, లేని పంటినొప్పికి మంట పుట్టే మందు వాడాను.

ఈ కోపం కాస్త తగ్గుతుందనగా దగ్గు మొదలైంది. తాగినన్ని రోజులు లేని దగ్గు మానేశాక రావడం బావకు పెద్ద అన్యాయంగా తోచింది. "గిదేం న్యాయం! మళ్ల మొదలువెడితే పోతదేమో," అని ఆశగా అన్నాడు. నేనే దవాఖానకు లాక్కుపోయాను. నర్సమ్మ ఛాతీ చూసి, విషయం విని, నవ్వింది. "ఏండ్ల సంది ఊడ్వని ఇల్లు ఊడుస్తే దుమ్ము లేస్తదా లేదా? లోపల ఊడుసుకుంటున్నది. కొన్నొద్దులు లేస్తది, ఊకుంటది," అంది. ఆ మాట నాకెంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. పక్కన దస్తీ నోటికి అడ్డం పెట్టుకుని నేను కూడా దగ్గుతున్నాను మరి. "నువ్వెందుకు దగ్గుతున్నవ్?" అని బావ అడిగాడు. "కంపెనీల కెమికల్ బావా" అన్నాను. "గట్లనా" అన్నాడాయన, చాలా తీరిగ్గా.

ఒక పొద్దున బావ మంచం మీద తల పట్టుకుని కూర్చున్నాడు. "తప్పయింది బామ్మర్ది. కలల తాగిన."

"ఒకటా?"

"పెట్టె ఒడిశింది."

అక్కకు చెప్పాలా వద్దా అని చాలాసేపు మాట్లాడుకున్నాం. కలలో తాగింది లెక్కలోకి రాదని, కాపలా ఉన్నవాడిగా నేనే తీర్పు చెప్పాను. (ముందురోజు నా కలలో నేను కంపెనీ బస్సు టాపు మీద కూర్చుని తాగాను. పక్కన బిహారీ భయ్యా అగ్గిపెట్టె పట్టుకుని వెలిగించాడు.)

ఆ తర్వాత కొన్నాళ్లకు ముక్కు తిరిగొచ్చింది. నేను రోజూ వేసే ఉప్పే వేసి పప్పు చేస్తే, బావ మొదటి ముద్దకే "గింత ఉప్పేందిరా" అన్నాడు. నిజంగానే ముద్ద నాలుక మీద నిలవలేదు. అంటే ఇన్నాళ్లూ మేం ఏం తిన్నట్టు? ఒక వంకాయ కూరకు ఇంత రుచి ఉంటుందని తెలిసి ఇద్దరం గిన్నె ఊడ్చాం. అదే రోజు తలగడ మీద తల పెట్టబోయి ఉలిక్కిపడ్డాను. అబ్బ, ఏం కంపు! అక్క ఇన్నేళ్లు అన్నది దీని గురించా? మేమేమో లేనిపోని పేచీ అనుకున్నాం. ఆదివారం మొత్తం ఇల్లు వాసన చూడడంలో గడిచింది. కర్టెన్లు, బొంతలు, వెల్డింగ్ కోటు, గోడ మీది క్యాలెండర్ కూడా. నీళ్ల బిల్లు అడగడానికి పైకొచ్చిన ఓనరమ్మకు, గోడకు ముక్కు ఆనించి ఒకరు, బొంతలో ముక్కు దూర్చి ఒకరు కనిపించాం. బిల్లు సంగతి ఎత్తకుండానే దిగిపోయింది. ఉతికినవి ఉతికాం, పారేసినవి పారేశాం. గోడలకు బావ స్వయంగా సున్నం వేశాడు.

తిరిగొచ్చిన ముక్కు కంపెనీలో నా పరువు కూడా తీసింది. ఒకరోజు షిఫ్టులో అడుగుపెట్టగానే ఘాటైన వాసన కొట్టింది. కుళ్లిన కూరగాయల మీద మందుసీసా పగిలినట్టు ఉంది. "గ్యాస్ లీకైతుంది!" అని అరిచాను. పని ఆపారు. అందరూ బయటికి పరుగెత్తారు. సూపర్‌వైజర్ ప్రతి వాల్వూ చూసొచ్చి, "ఏ వాసనరా?" అన్నాడు. "గిదే సార్, గింత వస్తుంది గదా!" అన్నాను. ఆయన గాలి పీల్చి, నన్ను ఎగాదిగా చూసి, "అరె, గిది రోజు వచ్చేదే గదరా! మూడేండ్ల సంది ఏడున్నవ్ నువ్వు?" అన్నాడు. అందరూ నవ్వుతూ లోపలికెళ్లారు. నేను కూడా నవ్వాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

అక్క వచ్చే ముందురోజు సాయంత్రం బావ చాయ్ తాగి "గాలికి పోయొస్త" అన్నాడు. కాసేపాగి నేనూ బట్టల సాకుతో వెళ్లాను. పాత అలవాటుగా ఆయన ఆ పక్క, నేను ఈ పక్క నిలబడ్డాం. ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు. టాంకీ ఆ పక్క నుంచి గొంతు వచ్చింది.

"బామ్మర్ది, మొదట్ల నీకు గూడ బాత్రూం ఫ్రీగ కాలేదా?"

నేను నవ్వు ఆపుకుని, "కాలే బావా," అన్నాను.

"నాకెరుకనే. నువ్వు మానకపోయుంటే నాతోటి గాకపోవు." మళ్లీ తనే, "ఇల్లు వాసన పోయిందంటవా? అది బిడ్డను తీస్కొని ఎనుకకు పోదు గదా?" అన్నాడు. అంత పెద్ద మనిషి గొంతులో ఆ భయం విని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. టాంకీ అడ్డం ఉండడం మంచిదయింది.

మర్నాడు పొద్దుగూకే వేళకు ఆటో వచ్చింది. పిల్లను భుజాన వేసుకుని అక్క గడప ముందు నిలబడితే ఓనరమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీస్తోంది. పళ్లెం తిరుగుతుండగానే అక్క ముక్కు ఎగబీల్చింది. మొహం మారిపోయింది.

"వాసనొస్తుంది."

బావ మొహం సున్నం కొట్టిన గోడ లాగా అయిపోయింది. "లేదే, నిజం చెప్తున్న..." అంటున్నాడు. అక్క వినలేదు. పిల్లను ఓనరమ్మకిచ్చి లోపలికొచ్చి కర్టెన్ వాసన చూసింది. బొంత చూసింది. బావ చొక్కా కాలర్ పట్టుకుని చూసింది. తర్వాత, ఏమనుకుందో, నాది కూడా చూసింది. ఎక్కడా లేదు. మరి ఎక్కడిది? వాసన చూసుకుంటూ చూసుకుంటూ కిటికీ దగ్గరికొచ్చి ఆగిపోయింది. నాకప్పుడు అర్థమైంది. కంపెనీలో నన్ను పరుగెత్తించిన వాసనే, సాయంత్రం గాలి మీద మా కిటికీలోకి వస్తోంది. రోజూ వచ్చే ఉంటుంది. పొగ పట్టిన మా ముక్కులకు తెలియలేదు. అక్క ఏ వాసన వచ్చినా బావ పద్దులోనే వేసింది. నెలల తరబడి ఊరిగాలి పీల్చి వచ్చిందేమో, ఇప్పుడు ఆమెకు వేరుగా తెలిసింది.

"అక్కా, అది సిగరెట్టుది గాదు," అన్నాను.

అక్క బావ వైపు తిరిగింది. "అయితే ఇన్నేండ్లు నిన్ను ఉత్తగనే తిట్టిన్నా?"

"సగం ఉత్తగనే," అన్నాడు బావ. తర్వాత కిటికీ రెక్క మెల్లగా మూసి, "నేనైతే మానిన. మరి గా గాలికి ఎవలు చెప్పాలె మానమని?" అన్నాడు.

అక్క మళ్లీ గడప బయటికి వెళ్లింది. ఓనరమ్మ దగ్గర పిల్లను తీసుకుని కుడికాలు లోపల పెట్టింది.

ఇప్పుడు మా మేనకోడలు ఆ గాలిలోనే పెరిగి బడికి వెళ్తోంది. పిల్లికూతలు పోయాయి. నాకు పెళ్లయి వేరే వీధిలో ఉంటున్నా, ఆదివారం బావ దగ్గరికెళ్తే చాయ్ తాగి ఇద్దరం పైకి వెళ్తాం. టాంకీకి అటొకరు, ఇటొకరు నిలబడితేనే మాకు మనసులో మాటలు వస్తాయి. మొన్న అలాగే నిలబడి, గోడలు వాసన చూసిన అప్పటి నన్ను తలుచుకుని నవ్వుకుంటూ, గాలి గట్టిగా పీల్చాను. ఏమీ రాలేదు. "బావా, వాసన తగ్గిందా, మన ముక్కులే అలవాటువడ్డయా?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పేలోపే, ఆరిన బట్టలు తీయడానికి పైకొచ్చిన మేనకోడలు మా ఇద్దరినీ వింతగా చూసింది.

"ఏ వాసన, మామా?" అంది.